గాజుకి అంటుకున్న నవ్వు

జూన్ 4, బుధవారం

పిడుగూ,

ముందు నీ దగ్గు ఎలా ఉందో చెప్పు, తర్వాతే మిగతాది చదువు. నీ గది తలుపు గడియ వదులుగా ఉందన్నావు, బాగు చేయించావా? లేకపోతే తలుపుకి అడ్డంగా కుర్చీ పెట్టుకుని పడుకో. మరీ ఆనించి పెట్టకు, ఏ నిప్పో అంటుకుంటే బయటికి రావడానికి దారుండాలి కదా.

నేను బాగానే ఉన్నాను, మోకాలు తప్ప. మీ నాన్నకి చెప్పకు, వాడు ఊరికే కంగారు పడతాడు. మా తమ్ముడికి చిన్నప్పటి నుంచీ కంగారెక్కువ.

అసలు సంగతి. నువ్వు ప్లీడరువయ్యావు కాబట్టి ఓ చిన్న మాట అడగాలి. ఒక్క ముక్కలో అవునో కాదో రాస్తే చాలు, నీ పని పాడు చేసుకోకు. ఫోన్లో అయితే నువ్వు ఊఁ ఊఁ అంటావు, పెట్టేశాక నాకేం గుర్తుండదు. రాసి పంపు, మళ్ళీ మళ్ళీ చదువుకుంటాను.

మన ఫ్రేముల కొట్లో గల్లా వెనక గోడకి ఓ ఫోటో ఉంటుంది చూడు. ఏదో బస్టాపులో తడిసిన జుట్టుతో నిలబడి, కళ్ళు మూసుకుని నోరంతా తెరిచి నవ్వే అమ్మాయి. చిన్నప్పుడు ఆవిడ పళ్ళు లెక్కపెడతానని స్టూలెక్కేదానివి. మీ మావయ్య ఉన్నప్పుడు ఎవరో ఫ్రేము కట్టమని ఇచ్చి మళ్ళీ రాలేదు. బల్ల కింద పడేస్తే చెద పడుతుందని ఆయనే గోడకి తగిలించారు. అదలా ఉండిపోయింది. ఆయన పోయినా అది ఉంది. పొద్దున్నే షట్టరెత్తగానే నేను చూసే మొదటి మొహం అదే. కొట్టుకొచ్చినవాళ్ళు "మీ అమ్మాయా?" అంటారు. మొదట్లో కాదనేదాన్ని. తర్వాత్తర్వాత ఊఁ అనేసి గాజు కొలత రాసుకునేదాన్ని. అంత కథ ఎవరికని చెప్పను?

నిన్న ఓ ఆవిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. ఏదో సర్టిఫికెట్టుకి ఫ్రేము కావాలని వచ్చి, గోడ చూసి అలాగే నిలబడిపోయింది. "అది నేను" అంది. పెదవి కింద పుట్టుమచ్చ చూపించింది. ఫోటోలోనూ అక్కడే ఉంది. "ఇది మీ దగ్గరికెలా వచ్చింది? ఎవరు తీశారు? తీసి నాకిచ్చేయండి" అని ఒకటే పట్టు. సోమవారం రమ్మని పంపేశాను.

ఎవరి మొహం ఉంటే ఫోటో వాళ్ళదే కదా? ఇచ్చెయ్యనా?

ఇచ్చాక ఆ తెచ్చినవాడొచ్చి నాదేదంటే ఏం చెప్పను? ఏ చేతి నుంచి పుచ్చుకున్నామో ఆ చేతికే ఇవ్వాలి అనేవారు మీ మావయ్య. ఇన్నేళ్ళ కొట్లో ఒకరి వస్తువు ఇంకొకరింటికి పోలేదు. ఆయన లేనప్పుడు, నా చేతుల మీదుగా ఆ పని జరగకూడదు. నా భయమంతా అదే.

వేడినీళ్ళు తాగు.

నీ మేనత్త

జూన్ 9

అత్తా,

దగ్గు తగ్గింది. గడియ మార్పించాను. నిప్పేమీ అంటుకోలేదు.

ఒక్క ముక్కే రాద్దామని కూర్చున్నాను, నిజం. "అవును" అని రాసి కొట్టేశాను. "కాదు" అని రాసి అదీ కొట్టేశాను. ఎవరి మొహం ఉంటే వాళ్ళదే అంటే, పెళ్ళి ఫోటోలో వెనక వరసలో నిలబడ్డ ప్రతివాడూ వచ్చి ఫోటో నాదంటాడు. తెచ్చినవాడిదే అందామా అంటే, అతను ఎవరి దగ్గర్నుంచి తెచ్చాడో మనకి తెలీదు.

కాబట్టి విసుక్కోకుండా నేనడిగేవాటికి జవాబు రాయి. ఇచ్చినతని పేరేమిటి? రసీదు ఉందా? మళ్ళీ ఎప్పుడొస్తానన్నాడు? పనికి డబ్బిచ్చాడా? ఫోటో తీసింది అతనేనా? దాన్ని గోడకి తగిలిస్తామని ఎవరికైనా చెప్పారా?

అప్పటిదాకా ఎవరికీ ఇవ్వకు. గోడ మీంచి తీసి లోపల పెట్టు. అడక్కుండా ఒకరి మొహాన్ని కొట్లో పదిమందికీ కనపడేలా పెట్టడం కూడా ఒక్కోసారి ప్రశ్నవుతుంది. భయపడకు, ఊరికే జాగ్రత్తకి చెబుతున్నాను.

మోకాలికి డాక్టరు దగ్గరికెళ్ళు. నాన్నకి చెప్పనులే.

నీ పిడుగు

జూన్ 14

పిడుగూ,

నీ ఉత్తరం రాగానే షట్టరు సగం దించేశాను. అడక్కుండా మొహాలు పెట్టడం తప్పని నాకేం తెలుసు? మన కొట్లో ఉన్నవన్నీ మొహాలే కదే! నమూనాకి పెట్టిన పెళ్ళిళ్ళు, ఉయ్యాల్లో పిల్లలు, ఎవరో మిలటరీ ఆయన. ఎవర్నడిగాం? అన్నిటి మీదా పాత పేపర్లు కట్టేశాను. పొద్దున వచ్చినవాళ్ళు వచ్చినట్టే గుమ్మంలో ఆగి "ఎవరండీ పోయింది?" అని మెల్లిగా అడుగుతున్నారు. పక్క మందుల షాపాయన కుర్చీ తెచ్చి నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. ఎవరూ పోలేదు నాయనా, మా మేనకోడలు రాసిందంటే వింటాడా? "గట్టిగా ఏడ్చేస్తే బరువు దిగుతుందమ్మా" అంటాడు.

నువ్వడిగినవాటికి జవాబులు. పోలీసులు అడిగినట్టు అడిగావు, అయినా చెబుతున్నాను. పేరు తెలీదు. రసీదు మీ మావయ్య ఎప్పుడిచ్చారు కనక? ఆయన పద్ధతి వేరు. ఫ్రేము వెనకట్ట మీద పెన్సిలుతో మనిషి గుర్తు రాసుకునేవారు. దగ్గు మేష్టారు. ఎర్ర సైకిలు. తొందర తల్లి. వాళ్ళ పేర్లు ఆయన ఎప్పుడూ అడగలేదు. "పేరు మర్చిపోతానే, దగ్గు మర్చిపోను" అనేవారు. దీని వెనక "గొడుగు" అని ఉంది. ఇంత పెద్ద నల్ల గొడుగు తెచ్చి కొట్టంతా నీళ్ళు కార్చాడని ఆ రాత్రి విసుక్కోవడం నాకు గుర్తే. మనిషి మొహం నేను చూడలేదు. ఎప్పుడొస్తానన్నాడో ఎవరికి తెలుసు? డబ్బు సంగతీ అంతే.

సోమవారం వచ్చినావిడని నీ ఉత్తరం వచ్చేదాకా ఆగమన్నాను, నిన్న మళ్ళీ వచ్చింది. ఫోటో లోపల గుడ్డలో చుట్టి బియ్యం డబ్బా పక్కన పెట్టాను. మా ప్లీడరు ఇవ్వొద్దంది అన్నాను. ఆవిడ మొహం ఎర్రబడింది.

"నా మొహం నాకివ్వడానికి ప్లీడరెందుకండీ?"

"నాకూ అలాగే అనిపించిందమ్మా, అందుకే అడిగాను" అన్నాను.

"నేనేం అమ్ముకోను. చించిపారెయ్యను. నాకు ఒకటే తెలియాలి" అని స్టూలు మీద కూర్చుంది. పిడుగూ, ఆవిడ చెప్పింది విను. చిన్నప్పుడు ఎవరో పళ్ళు వంకరన్నారట. అప్పట్నుంచి నోరు మూసుకుని నవ్వడం నేర్చుకుందట. పెళ్ళి ఫోటోలో, పిల్లల ఫోటోల్లో, బళ్ళో టీచరుగా గ్రూపు ఫోటోల్లో, ఎక్కడ చూసినా మూతి బిగించుకునే ఉంటుందట. "ఇంత నోరు తెరిచి నేను నవ్వానంటే నాకే నమ్మకం కుదరట్లేదు. ఆ రోజు గుర్తులేదు, ఆ బస్టాపు గుర్తులేదు. ఎవరు నవ్వించారండీ నన్ను? ఏమన్నారు?" అంది. మాట్లాడుతున్నంతసేపూ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునే ఉంది. నిజమే, నేను గమనించాను.

టీ ఇచ్చాను. తాగింది. వెళుతూ "మీ ప్లీడరుకి రాయండి, నాకు తొందరలేదు గానీ వయసుకి తొందరుంది" అని వెళ్ళింది.

గోడ మీద నలుచదరంగా తెల్లటి మచ్చ మిగిలింది. అటు చూడ్డం మానేశాను.

నేను దొంగసొత్తు దాచినట్టేనా? అది మాత్రం వెంటనే రాయి.

అత్త

జూన్ 19

అత్తా,

దొంగసొత్తు కాదు! పేపర్లన్నీ విప్పెయ్. నేను ఆ ఒక్క ఫోటో గురించే రాశాను. మందులాయనకి నా తరఫున చెప్పు, ఎవరూ పోలేదని.

మా సీనియరుని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని "ఆధారపడి ఉంటుందమ్మా" అని టీ తాగేశారు. ఎవరి మీద అని అడిగితే "అదే కదా కేసు" అన్నారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ మాట ఎత్తానో లేదో, ఇద్దరు జూనియర్లు అన్నం చల్లారిపోయేదాకా కొట్టుకున్నారు.

అందులో తేలిందేమిటంటే, నువ్వు ఒకటనుకున్న ఫోటోలో నలుగురున్నారు. ఆ కాగితం ఎవరిదనేది ఒకటి. దాన్ని తీసినవాళ్ళకి ఆ బొమ్మ మీద ఉండే హక్కు వేరే. అందులో మొహం ఉన్నావిడకి ఆ మొహాన్ని ఎలా వాడుకున్నారో అడిగే హక్కు ఇంకొకటి. చెక్కా గాజూ మనవి. నలుగురికీ ఏదో ఒకటి ఉంది, పూర్తిగా ఎవరికీ లేదు. పనికి డబ్బు రాకపోతే వచ్చేదాకా వస్తువు నీ దగ్గరే పెట్టుకునే హక్కు కూడా ఉండొచ్చు, అదీ గుర్తుంచుకో.

ముందు ఆ గొడుగాయన కోసం వెతకాలి. కొట్టు ముందు ఓ కాగితం అంటించు. న్యాయంగా వెతికామని రేపు చెప్పుకోవడానికైనా ఉంటుంది.

నీ పిడుగు

జూన్ 25

పిడుగూ,

డబ్బు కోసం ఆవిడ ఫోటో పట్టుకుని కూర్చున్నానని అనుకున్నావా? నీ ఉత్తరం చదివి ఆ పూట అన్నం ముట్టలేదు. నేను డబ్బు మాటెత్తానా? నువ్వే అడిగావు, తెలీదన్నాను. మీ మావయ్య సగం ఫ్రేములు ఊరికే కట్టిచ్చినవాడు. సరే, పోనీ. చిన్నదానివి, చదువుకున్నదానివి, అలాగే రాస్తావు.

మీ సీనియరుని ఎందుకడిగావే? ఇంటి గొడవలు ఆఫీసుకి తెస్తున్నావని ఉద్యోగంలోంచి తీసేస్తే? ఇకమీదట అడగకు.

నలుగురిదీ అన్నావు కదా. రాత్రంతా ఆలోచించాను. పొద్దున్నే లేచి, చెక్కా గాజూ మనవే కాబట్టి మన వాటా మనం తీసేసుకుంటే ముగ్గురే మిగులుతారు, నీకు కొంచెం తేలికవుతుందని, ఫ్రేము విప్పాను. మేకులు ఒక్కొక్కటే పట్టకారుతో తీశాను. వెనకట్ట వచ్చింది. "గొడుగు" అన్న అక్షరాలు చూసి కాసేపు కూర్చున్నాను, ఆయన గొ ఎప్పుడూ అలాగే వంకరగా రాసేవారు. తర్వాత గాజు ఎత్తబోతే ఊడి రాలేదు. ఫోటో గాజుకి అంటుకుపోయింది! గాజుకీ ఫోటోకీ మధ్యలో అట్ట పెట్టకుండా కట్టారన్నమాట. ఏళ్ళ తరబడి చెమ్మకి అలా అంటుకుంటాయి, మాకు తెలిసిందే. ఇంకొంచెం లాగితే ఆ పిల్ల చెంప గాజుతో పాటు వచ్చేసేది. అక్కడితో వదిలేశాను. ఎడం చెంప మొత్తం, కింద పళ్ళు రెండు, గాజుకే ఉన్నాయి.

ఇప్పుడు చెప్పు. గాజు నాది, చెంప ఆవిడది. నాకు ఏడుపొచ్చింది.

నువ్వు చెప్పినట్టు కాగితం అంటించాను. "గొడుగుతో వచ్చి ఫోటో ఇచ్చి మరిచిన పెద్దమనిషి రావలెను" అని. వానాకాలం కదా, గొడుగు లేనివాడెవడు? వచ్చినవాళ్ళంతా పెద్దమనుషులే. ఒకాయన "గొడుగు పోయిందటగా, నల్లదా, కర్ర పిడా?" అని తన గొడుగే వెతుక్కుంటూ వచ్చాడు. ఒకడు ఊరికే వాన తగ్గేదాకా నిలబడటానికి వచ్చాడు, అడిగితే "నేనూ ఫోటో ఇచ్చానేమో, చూడండి" అన్నాడు. ఇంకొకాయన పాడైన గొడుగు బాగు చేయమని ఇచ్చిపోయాడు. వద్దంటే వినడే! అది కూడా ఇప్పుడు నా దగ్గరుంది. దానికేం చట్టం ఉందో రాయకు, నాకు తలనొప్పి.

ఆవిడ మళ్ళీ వచ్చింది. చెంప సంగతి చెప్పలేదు. ఇంకా వెతుకుతున్నామన్నాను. కాగితం చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వింది.

అత్త

జూన్ 30

అత్తా,

దాన్ని ముట్టుకోకు. గాజూ ఫోటో ఎలా ఉన్నాయో అలాగే బల్ల మీద పరిచి, పైన మెత్తటి గుడ్డ కప్పి, వదిలెయ్. లాగకు, తడి చెయ్యకు.

డబ్బు మాట రాసినందుకు తప్పయిపోయింది. నువ్వు దాని కోసం అడిగావని నేను ఒక్కసారీ అనుకోలేదు. మాకు అన్ని తలుపులూ తట్టి చూడటం అలవాటు, అది నీ మీద వేసినట్టు వినపడిందని ఇప్పుడు తెలుస్తోంది. అన్నం మానకు.

నా ఉద్యోగం పోదు. సీనియరు నిన్న ఆయనంతట ఆయనే "మీ అత్తగారి ఫోటో ఏమైంది?" అని అడిగారు. రోజంతా పొలాల సరిహద్దు కేసుల మధ్య ఆయనకిదో ఆటవిడుపు.

ఒక సంగతి చెప్పనా? మావయ్య ఆ రోజు "ఎప్పుడొస్తారు, రాకపోతే ఏం చెయ్యను?" అని ఒక్క మాట అడిగి ఉంటే నీ ప్రశ్న సగం తీరిపోయేది. కానీ కొట్లో అలా ఎవరూ అడగరు. నవ్వి, పుచ్చుకుని, వెనకట్ట మీద గొడుగు అని రాసుకుంటారు. ఏళ్ళు గడిచాక మేమొచ్చి, వాళ్ళు ఆ రోజు ఒకరినొకరు అడిగి ఉంటే ఏమనుకుని ఉండేవారో ఊహించాలి. మేం చేసేది ముప్పాతిక అదే. అందుకే ఒక్క ముక్కలో రాయలేకపోతున్నాను. నాకు తెలీక కాదు. తెలీకపోవడం కూడా కొంత ఉందనుకో.

గొడుగు బాగు చేయించి ఇచ్చెయ్.

నీ పిడుగు

జూలై 7

పిడుగూ,

దొరికాడు!

ఊపిరి తీసుకుని రాస్తున్నాను. నిన్న సాయంత్రం, వాన లేదు, ఎండగా ఉంది, అయినా చంకలో నల్ల గొడుగు పెట్టుకుని ఓ ముసలాయన గుమ్మం దగ్గర అటూ ఇటూ తిరుగుతున్నాడు. లోపలికి రాడు, వెళ్ళడు. నేను బయటికెళ్ళి "ఎవరు కావాలండీ?" అన్నాను.

"చెల్లెమ్మా, ఆ కాగితం నా గురించేనేమో. మా ఆవిడ చదివి, అది నువ్వే పో అని తరిమింది" అన్నాడు.

గుడ్డ తీసి చూపించాను. చూడగానే స్టూలు మీద కూర్చున్నాడు. "ఈ పిల్లే" అన్నాడు.

ఆయన చెప్పింది ఇదీ. ఆయన ఫోటో స్టూడియోలో రీళ్ళు కడిగే పని చేసేవాడట. ఫోటో తీసింది ఆయన కాదు. ఆవిడెవరో ఆయనకి తెలీదు! ఎవరో రీలు కడగమని ఇచ్చి మళ్ళీ రాలేదట. స్టూడియో మూసేస్తూ, ఎవరూ తీసుకెళ్ళని ఫోటోలన్నీ చెత్తలో పారెయ్యమంటే, ఇదొక్కటీ పారెయ్యడానికి చెయ్యి రాక చొక్కాలో పెట్టుకుని మన దగ్గరికి తెచ్చాడట. "మరి మళ్ళీ రాలేదేం?" అన్నాను. తల దించుకున్నాడు. "అప్పుడే కొత్తగా పెళ్ళయింది చెల్లెమ్మా. ముక్కూ మొహం తెలీని ఆడపిల్ల ఫోటోకి ఫ్రేము కట్టించి ఇంటికి తెస్తే, ఎవరిదని చెప్పను?" అన్నాడు. ఇన్నేళ్ళూ ఈ వీధిలో నడవాల్సి వస్తే అవతలి వైపు నుంచి నడిచేవాడట, మీ మావయ్య పిలుస్తారేమోనని!

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఏ చేతి నుంచి పుచ్చుకున్నామో ఆ చేతికివ్వాలని నేను ఇంత పట్టుకుని కూర్చుంటే, ఆ చెయ్యీ ఇంకెవరి చేతి నుంచో పుచ్చుకున్నదే. ఆ స్టూడియో వాళ్ళూ అంతే. రీలు ఇచ్చినవాళ్ళు ఎవరో, వాళ్ళే తీశారో, వాళ్ళకీ ఎవరైనా ఇచ్చారో?

"నాకేం వద్దు చెల్లెమ్మా, నేను చూస్తే చాలనుకున్నాను, చూశాను" అని లేచాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. మా మేనకోడల్ని అడక్కుండా పోవడానికి వీల్లేదన్నాను. రేపు కాదు, పై వారం మంగళవారం రమ్మన్నాను. ఆవిడకీ అదే చెప్పాను. ఈలోపు నువ్వు రాయాలి. ఎంత పొడుగున్నా సరే రాయి.

మోకాలు తగ్గింది, కంగారులో మర్చిపోయాను.

అత్త

జూలై 10

అత్తా,

నీ ఉత్తరం ఆఫీసులో గట్టిగా చదివాను, కోప్పడకు. అయిపోగానే అందరూ ఒకేసారి మాట్లాడారు. చెత్తలో వేసినది తీసుకుంటే తీసుకున్నవాడిదే అని ఒకరు. పారేసే హక్కు స్టూడియోకి ఉంటేనే కదా అని ఇంకొకరు. సీనియరు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుని, చివరికి "రీలు ఇచ్చినవాళ్ళెవరో తెలియాలమ్మా" అన్నారు. ఆ ఆవిడ అడిగినట్టే.

కాబట్టి నేను రాయగలిగింది ఇది. ఆ కొట్లో ఎవరికీ పూర్తి హక్కు లేదు. కానీ ఎవరూ కొట్టుకోవట్లేదు కూడా, అది మా వాళ్ళెవరూ లెక్కలోకి తీసుకోని సంగతి. గొడుగాయన నాకేం వద్దని ఓ కాగితం మీద రాసిస్తే, నువ్వు గాజూ చెక్కా వదులుకుంటే, మిగిలినవాళ్ళలో అందరికన్నా ఎక్కువ చెప్పుకోగలిగింది ఆవిడే. ఇచ్చెయ్. తీసినవాళ్ళు ఎప్పుడైనా వస్తే చూపిస్తానని ఆవిడ చేత ఒక మాట రాయించుకో. అప్పుడు నీ మీద తప్పుండదు.

ఇంకొకటి. ఈసారి ముందే అడుగు. ఏమడగాలో నాకన్నా నీకే బాగా తెలుసు ఇప్పుడు, భయపడేవాళ్ళకి అన్నీ ముందే కనపడతాయి.

నీ పిడుగు

జూలై 19, శనివారం

పిడుగూ,

నీ ఉత్తరం సరిగ్గా సోమవారం అందింది. మంగళవారం ముగ్గురం కూర్చున్నాం. గొడుగాయన రాసిచ్చాడు. చేతిరాత నా కన్నా అధ్వాన్నం. ఆవిడ బల్ల దగ్గరికొచ్చి గుడ్డ తీసి చూసింది. చెంప సంగతి అప్పుడు చెప్పాను. తిడుతుందనుకున్నాను. "అంత గట్టిగా పట్టుకుందా!" అని వేలితో గాజు మీద రాసింది. గొడుగాయన కడిగిన రోజు తడిమీద ఎలా కనపడిందో చెబుతుంటే బళ్ళో పిల్లలా వింది. నేను వెనకట్ట మళ్ళీ బిగించి, గాజు తుడిచి, చేతికిచ్చాను. ఇన్నాళ్ళూ ఇవ్వాలా వద్దా అని ప్రాణం తీసుకున్నదాన్ని, ఇచ్చేటప్పుడు ఇంకొంచెంసేపు పట్టుకున్నాను.

ఆవిడ చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. "ఇది మా ఇంట్లో ఉంటే నేనే చూస్తాను. తీసినవాళ్ళు మా ఇంటికి రారు కదా. వీధిలోకి కనపడేలా మీ కొట్లో పెడతారా?" అంది.

ఈసారి నువ్వన్నట్టు ముందే అడిగాను. ఎన్నాళ్ళు? మీరున్నన్నాళ్ళు, నేనున్నన్నాళ్ళు అంది. పగిలితే? పగిలితే పగిలింది. ఎవరైనా వచ్చి నేనే తీశానంటే? ఆలోచించి "ఏం చెప్పి నవ్వించారో అడగండి" అంది. "అది మీకే గుర్తులేదు కదమ్మా, వాళ్ళు చెప్పింది నిజమో కాదో నాకెలా తెలుస్తుంది?" అన్నాను. "మీకు నవ్వొస్తే చాలు" అంది. అంతా కాగితం మీద రాశాం, నవ్వు సంగతి కూడా. అది చట్టంలో నిలుస్తుందో లేదో నువ్వే చూడాలి.

గోడ మీద కాకుండా వీధి వైపు అద్దం వెనక పెట్టాను. అక్కడ వెలుతురెక్కువ. ఇన్నేళ్ళూ నేను చూడనిది ఒకటి కనపడింది. ఆ పిల్ల వెనకాల, మసక మసగ్గా, ఓ బస్సు వెళ్ళిపోతోంది. వెనక భాగం మాత్రమే.

ఇక నిన్నటి సంగతి. అసలు అందుకే రాస్తున్నాను.

కిటికీ గాజు పగిలిందని ఓ పెద్దాయన కొలత తెచ్చాడు. అద్దం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఎవరండీ ఈవిడ?" అన్నాడు. "మీకు తెలుసా?" అన్నాను. "ఆ బస్సు ఎక్కాల్సింది ఈవిడ కాదమ్మా, ఫోటో తీసినవాడు" అన్నాడు. కొలత కాగితం గల్లా మీద పెట్టి, గురువారం వస్తానని వెళ్ళిపోయాడు.

నాకేం నవ్వు రాలేదు. కాగితం చూసుకుని గాజు కోయడానికి కూర్చున్నాను. సగం గీత గీశాక అర్థమైంది. కెమెరాలో కన్ను పెట్టి ఈ పిల్ల మొహమే చూస్తూ, ఇంకొంచెం జరుగు, ఇంకొంచెం జరుగు అని నిలబడి ఉంటాడు, ఎదురుగానే ఆయన బస్సు ఆయన్ని వదిలేసి పోతోంది, ఈ పిల్లకి చప్పుడు వినపడుతూనే ఉంది, నవ్వాపుకోలేక చెప్పలేకపోతోంది! ఒక్కదాన్నే కొట్లో పడీ పడీ నవ్వాను. గీత వంకరపోయింది, గాజు పాడయింది. మందులాయన పరిగెత్తుకొచ్చి, గట్టిగా ఏడుస్తున్నాననుకుని మళ్ళీ మంచినీళ్ళిచ్చాడు.

వెంటనే వీధిలోకి వెళ్ళి చూశాను. లేడు. పేరడగలేదు. పొరపాటు నాదే, అలవాటు లేదు కదా. కాగితం వెనక పెన్సిలుతో "బస్సు" అని రాసుకున్నాను.

మనిషి వెళ్ళిపోయాక వచ్చిన నవ్వు లెక్కలోకి వస్తుందా రాదా, ఊరికే చూసి ఊహించినవాడైతే ఏం చెయ్యాలి, ఇవన్నీ నిన్నడగాలనే కలం పట్టుకున్నాను. కానీ నీ జవాబు వచ్చేసరికి గురువారం దాటిపోతుంది. అందుకని నిన్నడక్కుండానే ఆవిడకి కబురు పంపేశాను, గురువారం పొద్దున్నే వచ్చి కూర్చోమని.

నీ అత్త